పట్టీని నమ్మిన పెద్దమనుషులు

మార్చి మొదటి ఆదివారం ఉదయాన కీర్తిశేషులు కిలియాన్ వానెక్ గారి తోట గేటు దాటి లోపలికి వచ్చినవారు, వచ్చిన వరుసలోనే, వీరు: మొదట, కొండమొక్కల సంఘం అధ్యక్షులు రదొవాన్ క్రుపిచ్కా గారు, ఆయన వెనుక, సిమెంటు కర్మాగారంలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన బోహుష్ మాషెక్ గారు, ఆయన వెనుక, దంతవైద్యులు హినెక్ షెబెస్తా గారు, అందరికన్నా వెనుక, గేటు గడియ వేసే పని ఎప్పటిలాగే తన మీద పడగా ఆ గడియ వేసి మరీ వచ్చిన, మందుల దుకాణం లెయోపోల్డా రిషావా గారు. గుమ్మంలో నిలబడి వీరి రాకను చూస్తున్నది వానెక్ గారి భార్య ఒతీలియె, ఆ దేశపు వాడుకలో వానెక్ భార్య కనుక వాంకోవా గారు. ఆమెను ఈ వరుసలో లెక్కించే ఆచారం లేదు. ఆమె సంఘంలో సభ్యురాలు కాదు. పెళ్ళయిన నాటినుంచి ఆ సంఘానికి కాఫీ కాచింది, అంతవరకే.

సంఘానికి ఇంకొక ఆచారం ఉన్నది. సభ్యుడు పోయిన తరువాత వచ్చే మొదటి వసంతంలో, మంచు పూర్తిగా కరగకముందే, మిగిలినవారు అతని తోటకు వచ్చి, పెద్దరికం వరుసలో తలా ఒక మొక్కను తవ్వుకుపోతారు. దీన్ని వాళ్ళు ‘వంతు’ అంటారు. మనిషి పోయినా మొక్క పోకూడదన్నది దీని వెనుక ఉన్న మాట. మాట మంచిదే. ఎక్కడో కొండకొమ్ముల మీద, మంచు దుప్పటి కింద బతికే మొక్కలు ఊళ్ళో ఒక ఇంటి వెనుక బతకడమే గగనం. చూసేవాడు కన్ను మూస్తే ఏడాది తిరగకుండా వానకు కుళ్ళిపోతాయి. అయితే మంచి మాటలు పెద్దమనుషుల చేతిలో పడితే ఏమవుతాయో లోకానికి తెలియనిది కాదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఈ కాకులు టై కట్టుకుని, చేతిలో చిన్న పార, చంకలో తడిపిన వార్తాపత్రిక పెట్టుకుని వస్తాయి. తేడా అంతే.

క్రుపిచ్కా గారిని అందరూ ప్రొఫెసర్ గారూ అని పిలిచేవారు. నిజానికి ఆయన విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు కాలేదు. ఆ మెట్టుకు ఒక మెట్టు కిందనే ఆయనకు పదవీ విరమణ వచ్చింది. పిలిచేవారిని సరిదిద్దవలసిన బాధ్యత తనకు లేదని ఆయన అభిప్రాయం. మొక్క ముందు నిలబడినప్పుడు ఆయన మొదట మొక్కను చూసేవారు కారు. మొక్క మొదట్లో గుచ్చిన అల్యూమినియం పట్టీని చూసేవారు. దాని మీద చెక్కిన పేరు చదివి, తృప్తిపడి, ఆ పేరుకు తగినట్టుగా మొక్క ఉన్నదా లేదా అని అప్పుడు కిందికి చూసేవారు. ఆ ఊరి కొండమొక్కల పెద్దలందరికీ అదే అలవాటు. పెళ్ళిచూపులకు వెళ్ళి పిల్లను చూడకుండా జాతకం చూసి వచ్చే బాపతు.

అంతటి ప్రొఫెసరు గారు వానెక్ గారి అంత్యక్రియలనాడే, శవపేటిక మీద ఇంకా మట్టి పడకముందే, ఒతీలియె చేయి పట్టుకుని అన్నారు: “అమ్మా, మీరేమీ బెంగపెట్టుకోకండి. కిలియాన్ నా దగ్గర క్షేమంగా ఉంటాడు.”

ఆమె ఒక్క క్షణం తికమకపడింది. తరువాత తెలిసింది, ఆయన అంటున్నది పేటికలో ఉన్న కిలియాన్ సంగతి కాదు. తొట్టిలో ఉన్న కిలియాన్ సంగతి.

తొట్టిలోని కిలియాన్ ఒక రాయిపగులు మొక్క. రాతి సందుల్లో వేరు దింపి రాతినే చీల్చుతుందని ఆ జాతికి ఆ పేరు. తిరగేసిన చిన్న గిన్నెలా, గట్టిగా, బూడిదరంగు ఆకులతో నేలకు అంటుకుని ఉంటుంది. ఏడాదిలో పదకొండు నెలలు దాన్ని చూసి ఎవరూ ఆగరు. మార్చి వచ్చేసరికి ఆ గిన్నె మీద కాడ కూడా లేకుండా పూలు పరుచుకుంటాయి. ఈ జాతిలో పసుపు పూలు కొల్లలు, గులాబివి కొల్లలు, తెల్లవి చెప్పనక్కరలేదు. కిలియాన్ పూలు మాత్రం, చింతపండు పెట్టి తోమిన రాగిచెంబు కడిగిన మరుక్షణం ఎలా ఉంటుందో ఆ రంగులో ఉండేవి. అటువంటి రంగు ఆ దేశంలో మరెవరి దగ్గరా లేదు. వానెక్ గారు దానినుంచి ఒక్క రెమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఆ విషయంలో ఆయన చాలా నిక్కచ్చి మనిషి.

ఆ మొక్క ఆయన చేసినది కాదు. ఒతీలియె చేసినది.

ఒక వసంతంలో వానెక్ గారు పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి ఆసుపత్రిలో ఉన్నారు. ఇంట్లో ఆమె ఈస్టరు రొట్టె మీద బాతు ఈకతో వెన్న రాస్తూ కిటికీలోనుంచి చూసింది. ఎప్పుడూ కలిసి పూయని రెండు మొక్కలు ఆ ఏడు చలి వింతవల్ల ఒకేసారి పూసి ఉన్నాయి. ఇంకొక ఈక తీసుకుని తోటలోకి వెళ్ళింది. ఒకదాని పుప్పొడి తీసి రెండవదానికి అంటించింది. ధూళివంటి గింజలు వచ్చాయి, వాటిని మొలిపించింది, ఏళ్ళకేళ్ళు పెంచింది. మొలకల్లో ఒక్కటి రాగిరంగు పూసింది. వానెక్ గారు సంఘంలో లేచి నిలబడి “నా సంకరం” అన్నారు. ఇంటికి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, భార్య ముఖం చూడకుండా అన్నారు: “ఏం చేయమంటావు ఒతీలియె? నీ పేరు పెడితే వాళ్ళు నవ్వుతారు.” ఆయన చెడ్డ మనిషి కాదు. నలుగురిలో నవ్వులపాలవుతానేమో అన్న భయం తప్ప ఆయనకు మరే దుర్గుణమూ లేదు; ఉన్న ఆ ఒక్కటీ చాలింది.

ఇప్పుడాయన పోయారు. ఆచారం ప్రకారం మొదటి వంతు అధ్యక్షులది. కాదనే హక్కు వితంతువుకు లేదు. ఉన్నదని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆమెకు మిగిలినవి భర్త రైల్వే ఉద్యోగం మీద వచ్చే పింఛను, ఈ ఇల్లు, తొట్టిలో ఆ గుప్పెడు మొక్క. మొదటి రెండింటి మీద ఆమెకు పెద్ద మమకారం లేదు.

అందుకని శనివారం మధ్యాహ్నం ఒతీలియె గోళ్ళు కత్తిరించుకునే కత్తెర తీసుకుని తొట్టి ముందు మోకరిల్లింది. కిలియాన్ మీద విచ్చబోతున్న మొగ్గలన్నిటినీ ఒక్కొక్కటిగా కత్తిరించింది. ఏడాదంతా ఎదురుచూసిన పూత అది. కత్తిరిస్తున్నంతసేపూ ఆమె పళ్ళు బిగబట్టుకుని ఉన్నది. తరువాత తొట్టిలో ఆ చివర ఉన్న, ఊళ్ళో ప్రతి అమ్మమ్మ కిటికీ కిందా కనిపించే, మామూలు పసుపు రాయిపగులు మొగ్గలు కూడా కత్తిరించింది. పూలు లేనప్పుడు రెండూ గిన్నెలే. ఒకటి కాస్త బూడిద, ఒకటి కాస్త పచ్చ. అప్పుడు ‘కిలియాన్’ అని తన భర్త చెక్కిన అల్యూమినియం పట్టీని పీకి, ఒక జానెడు జరిపి, పసుపుదాని మొదట్లో గుచ్చింది. ఆమె చేసిన మోసం మొత్తం ఆ జానెడే.

ఆదివారం వారు వచ్చారు. తోటలోకి వెళ్ళేముందు వంటింట్లో కూర్చుని కాఫీ తాగాలి, కేకు తినాలి, రొట్టెముక్కల మీద బంగాళదుంప సలాడూ హామూ పెట్టినవి తినాలి, పోయినవారి పేరు మీద తలా ఒక చిన్న గ్లాసు ప్లమ్ సారా పుచ్చుకోవాలి. ఆ క్రమం తప్పదు.

“ఈ కేకు అమృతం, వాంకోవా గారూ,” అన్నారు ఇంజనీరు మాషెక్, మూడవ ముక్క అందుకుంటూ. “మా ఆవిడా చేస్తుంది లెండి. అది మా ఫ్యాక్టరీ సరుకు. కొడితే మోగుతుంది.”

“అయినా వదలడుగా!” అన్నారు దంతవైద్యులు. “వాళ్ళావిడ కేకు పుణ్యమా అని రెండు పళ్ళు నా దగ్గరే కట్టించుకున్నాడు. ఏమయ్యా, అవునా కాదా?”

“కట్టింది ఊడిపోయింది, అది కూడా చెప్పు.”

“నువ్వు నమిలింది ఏమిటో నువ్వు చెప్పు ముందు.”

ప్రొఫెసరు గారు గొంతు సవరించుకున్నారు. ఇద్దరూ బడిపిల్లల్లా సర్దుకుని కూర్చున్నారు. “మిత్రులారా, మనం వచ్చింది పళ్ళ కోసం కాదు. కిలియాన్ వానెక్ ఒక్క మొక్కతో చరిత్రలో నిలిచిపోయినవాడు. ఆ ఒక్క మొక్కను కాపాడే బరువు ఇవాళ ఈ భుజాల మీద పడుతోంది.” ఏ భుజాలో అనుమానం రాకుండా ఒకసారి తన భుజాన్ని తాకి చూపించారు.

బల్ల చివర, తలుపు పక్కన, గాలి కొట్టే చోట కూర్చున్న రిషావా కప్పు కింద పెట్టింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా, తన దుకాణంలోని సీసాలా ఉంటుంది. సంఘంలో దంతవైద్యునికన్నా ముందు చేరిన మనిషి; ఐనా వరుసలో ఆయన వెనుకనే. ఒతీలియెకు ఆమె అంటే పడదు. ఎన్నో ఏళ్ళుగా ఆదివారం ఆదివారం వచ్చి, ఆ తొట్టి ముందు వానెక్ గారి మోకాళ్ళ పక్కన మోకాళ్ళు ఆనించి కూర్చుని, గంటలకొద్దీ ఆకులు లెక్కపెట్టే ఆడమనిషిని ఏ భార్య మాత్రం దండ వేసి పిలుస్తుంది? ఆమె వచ్చినప్పుడల్లా ఒతీలియె ఆమె కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయేది. ఆమె ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం ఒతీలియెకు మరీ ఒళ్ళుమంట.

“వాంకోవా గారూ,” అన్నది రిషావా, “ఆ సంకరానికి తల్లి మొక్క ఏది? వానెక్ గారిని అడగని రోజు లేదు. ఎప్పుడూ మాట దాటేసేవారు.”

“తెలిస్తే కదా చెప్పడానికి!” అన్నది ఒతీలియె. అనకూడదని అనుకున్నది, నోటి చివర ఉన్నది కాబట్టి వచ్చేసింది. “ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. చేసింది నేను. రొట్టెకు వెన్న రాసే ఈకతో.”

 ఇంజనీరు గారి బొజ్జ కదిలింది.

“వెన్న ఈకతోనా! అదీ సంగతి! అందుకే కాబోలు ఆ పూలకి అంత నిగనిగ!”

“ఇంకా నయం, వెల్లుల్లి రాసిన ఈక కాదు,” అన్నారు దంతవైద్యులు, కళ్ళు తుడుచుకుంటూ.

“నవ్వకండి, నవ్వకండి,” అని ప్రొఫెసరు గారు చేయెత్తారు. ఆయన పెదవి కూడా వణుకుతున్నది. “దుఃఖం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది. మా పెదనాన్న పోయాక మా పెద్దమ్మ కూడా, ఆయన మీసం తనే పెంచానని చెప్పుకు తిరిగేది, పాపం.”

ఒతీలియె చెవులు ఎర్రబడ్డాయి. కేకు పళ్ళెం తీసి అల్మారాలో పెట్టేసింది. ఇంజనీరు గారి చేయి గాలిలో ఆగిపోయింది.

నవ్వనిది రిషావా ఒక్కతే. “ఏ రంగు ఈక?” అని అడిగింది, మందు ఎంత మోతాదు అని అడిగినట్టు.

“బూడిదరంగుది. తెల్లదాని మీద పుప్పొడి ఆనదు.”

రిషావా తల ఊపింది.  ఆ తల ఊపులో జాలి ఉన్నదనుకుని ఒతీలియె ఆమెను మనసులో ఇంకొక మాట అనుకున్నది. ఆ మాట ఇక్కడ రాయదగినది కాదు.

తోటలో వానెక్ గారు రాతి పలకలను పుస్తకాల బీరువాలో పుస్తకాల్లా నిలువుగా, ఒకదానికొకటి ఆనించి పేర్చారు. ఆ సందుల్లో మొక్కలు. ఉత్తరం వైపు సందుల్లో ఇంకా మంచు నల్లబడి ఉన్నది. దక్షిణం వైపు, ఆకు కాలేయం ఆకారంలో ఉంటుందని కాలేయపు పూలనే నీలిపూలు అప్పుడే కళ్ళు తెరిచాయి. కంచె వెంబడి మంచుచుక్కలనే తెల్లని పూలు గుంపులు గుంపులుగా తల వంచుకుని నిలబడ్డాయి. ఆ తోటలో తల వంచుకోవడం తెలిసినవి అవొక్కటే.

అధ్యక్షులు తిన్నగా తొట్టి దగ్గరకు నడిచారు. మోకాలి కింద రబ్బరు దిండు వేసుకున్నారు. కళ్ళజోడు మార్చుకున్నారు. పట్టీ చదివారు. “కిలియాన్,” అన్నారు, దేవుడి పటం ముందు అన్నట్టుగా.

ఇంజనీరు గారు వంగి చూశారు. “ఆకు కాస్త పచ్చగా లేదూ? పోయినేడు బూడిదరంగు ఉన్నట్టు గుర్తు.”

“సున్నం,” అన్నారు ప్రొఫెసరు గారు, క్షణం ఆలోచించకుండా. “సున్నం తక్కువైంది. చూసేవాడు లేకపోతే మొక్క ఎంత త్వరగా దిగజారుతుందో చూశారా?” గొంతు కొంచెం తగ్గించారు, తగ్గించిన గొంతు కూడా గుమ్మం దాకా వినిపించింది. “ఆడవాళ్ళకు సున్నం సంగతి ఏం తెలుస్తుంది?”

“సున్నమా! నన్నడిగితే లారీడు పంపేవాణ్ణి,” అన్నారు ఇంజనీరు.

“మరి మొగ్గలేవీ?” అని దంతవైద్యులు ముందుకు వంగారు. “ఈపాటికి నిండా ఉండాలే!”

“మొగ్గలు పోయాయి,” అన్నది ఒతీలియె. అది నిజమే.

“పిచ్చుకలు,” అన్నారు ప్రొఫెసరు గారు. “తోటలో ఇన్ని మొక్కలుండగా దీన్నే కొట్టాయి చూశారా? పిచ్చుకకు కూడా మేలు రకమేదో తెలుసు. ఇంతకన్నా రుజువేం కావాలి?”

తొట్టిలో మరొక గిన్నె మీద కూడా మొగ్గలు లేవన్న సంగతి వారెవరూ గమనించలేదు. దానికి పట్టీ లేదు. పట్టీ లేనిదాన్ని చూడడం వారి అలవాటు కాదు. ఆయన పార దింపి, చుట్టూ మట్టి వదులు చేసి, ప్రతి అమ్మమ్మ కిటికీ కిందా ఉండే ఆ మొక్కను పసిబిడ్డను పొత్తిళ్ళలోకి తీసుకున్నట్టు తడి వార్తాపత్రికలోకి ఎత్తుకున్నారు. పట్టీని వేరే జేబురుమాలులో చుట్టి గుండె దగ్గరి జేబులో పెట్టుకున్నారు. మొక్కకన్నా పట్టీకి దక్కిన గౌరవమే ఎక్కువ.

రెండవ వంతున ఇంజనీరు గారు గులాబిరంగు పూలతో విరగబూసిన ఒక గిన్నెను ఎత్తుకున్నారు. పూత మీద ఉన్నదాన్ని తవ్వితే బతకదని ఏ పిల్లవాడికైనా తెలుసు. మూడవ వంతున దంతవైద్యులు అద్దాల పెట్టె తెరిచి, పారసీక కొండలనుంచి గింజగా వచ్చిన మెత్తటి పచ్చని దిండులాంటి మొక్కను తీశారు. అది తల మీద ఒక చుక్క నీరు పడితే చచ్చే మొక్క. దాన్ని తడి కాగితంలో చుట్టారు.

మిగిలినది రిషావా వంతు.

ఆమె అటూ ఇటూ చూడలేదు. తొట్టి దగ్గరకు వచ్చి, దిండు లేకుండానే తడి గులకరాళ్ళ మీద మోకరిల్లింది. పట్టీ లేని గిన్నె ముందు.

గుమ్మంలో ఒతీలియె చేతులు ఏప్రాన్ కింద పిడికిళ్ళయ్యాయి. ఈ ఆడది ఇన్నేళ్ళూ అక్కడే మోకరిల్లింది. ప్రతి ఆకూ దీనికి తెలుసు. ప్రొఫెసర్ల కళ్ళు కప్పవచ్చు, దీని కళ్ళు కప్పలేము. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, ప్రొఫెసరు గారు తన పొత్తిళ్ళు దించి ఈ మొక్కను ఎత్తుకుంటారు. అనకపోతే తన వంతుగా తనే తవ్వుకుపోతుంది. ఆచారం దీని పక్షాన ఉన్నది. ఏది జరిగినా మొక్క పోతుంది.

రిషావా వేలితో ఆకులను మెల్లగా విడదీసింది. కత్తిరించిన కాడల మొదళ్ళు కనిపించాయి. ఇంకొకటి కూడా కనిపించింది. ఒతీలియె కళ్ళకు అందక, గిన్నె అంచున, ఆకుల గూటిలో కూరుకుపోయి, ఒక్క మొగ్గ మిగిలిపోయింది. దాని కొన విచ్చింది. ఆ విచ్చిన చోట రాగి మెరిసింది. గుమ్మం దాకా కనిపించింది.

“ఏమిటమ్మా అంత పరిశోధన?” అన్నారు ప్రొఫెసరు గారు, పొత్తిళ్ళతో రెండడుగులు ఇటు వేస్తూ. “ఏదైనా దొరికిందా?”

రిషావా బొటనవేలి గోటితో ఆ మొగ్గను గిల్లింది. గుప్పిట మూసింది.

“పేనుబంక, ప్రొఫెసర్ గారూ,” అన్నది. “దగ్గరకు రాకండి. మీ కిలియాన్‌కు అంటుకుంటుంది.”

ప్రొఫెసరు గారు రెండడుగులూ వెనక్కి వేశారు. ఇంకొకటి అదనంగా వేశారు.

ఆమె లేచింది. స్కర్టుకు అంటిన మట్టి దులుపుకున్నది. వాననీటి గొట్టం కింద, ఎప్పుడూ చిత్తడిగా ఉండే చోట, ఎవరూ నాటకుండానే వచ్చి స్థిరపడిన తెల్లని పూల గుంపు ఒకటి ఉన్నది. మంచుచుక్కలకు బండ అక్కవంటి పువ్వు. ప్రతి రేకు కొసనా ఆకుపచ్చ బొట్టు. ఆ చుట్టుపక్కల ఏ వాగు ఒడ్డున చూసినా బుట్టెడు దొరుకుతుంది.

“నాది ఇది,” అన్నది.

“ఇదా!” అన్నారు ఇంజనీరు. “మా ఇంటి వెనక కాలవలో ఆవులు తొక్కేంత ఉంది కదండీ!”

“పాపం, వరుసలో ఆఖరు కదా,” అన్నారు దంతవైద్యులు. “మిగిలింది తీసుకోవాలి మరి.”

“ఆడవాళ్ళకు తెలుపు ఇష్టం,” అని ప్రొఫెసరు గారు ముగించారు.

వాళ్ళు వచ్చిన వరుసలోనే వెళ్ళారు. రిషావా గేటు గడియ వేసింది. వేస్తూ వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఒతీలియె ఏమి చేసి ఉండేదో ఆమెకే తెలియదు.

ఉపకారం చేసినవాడికన్నా పొందినవాడికి నిద్ర తక్కువ. అందులోనూ మనం ఏళ్ళ తరబడి చక్కెర వేయని మనిషి చేసిన ఉపకారం మింగుడుపడదు, కక్కుకోవడమూ కుదరదు. ఆ ఏడాదంతా ఒతీలియె రక్తపోటు మాత్రల కోసం బస్సెక్కి పక్క ఊరికి వెళ్ళింది. ఎందుకని అడిగినవారికి అక్కడి మాత్రలు బాగా పనిచేస్తాయని చెప్పింది. దూరం తిరిగినందువల్లనో ఏమో, రక్తపోటు పెరిగింది.

మరుసటి మార్చిలో అగ్నిమాపక దళం వారి హాలులో సంఘం ప్రదర్శన జరిగింది. మధ్య బల్ల మీద, తెల్లని గుడ్డ పరిచి, మట్టికుండీలో ‘కిలియాన్’ను పెట్టారు. చుట్టూ సున్నపురాతి ముక్కలు. ముందు అల్యూమినియం పట్టీ, బ్రాసో పెట్టి తోమినట్టున్నది. రాజధాని నగరంనుంచి కూడా నలుగురు పెద్దలు వచ్చారు.

మొక్క నిండా పూలు. పూలు పసుపు. అనుమానానికి తావులేని పసుపు.

ఇటువంటప్పుడు మామూలు మనిషి ఏమనుకుంటాడు? మొక్క మారిందనుకుంటాడు. పట్టీ తప్పనుకుంటాడు. ప్రొఫెసరు గారు మామూలు మనిషి కారు. పూలు వారం ముందే ఆయన ఇంట్లో విచ్చుకున్నాయి. ఆలోచించుకోవడానికి ఆయనకు వారం దొరికింది. ఆయన లేచి కళ్ళజోడు సవరించుకున్నారు.

“మిత్రులారా, నిజం కఠినంగా ఉంటుంది,” అన్నారు. “వానెక్ గారి తోటలో మనం చూసిన రాగిరంగు ఈ మొక్కది కాదు. ఆయన మట్టిది. ఏదో దోషం వల్ల పట్టిన తుప్పు అది. శాస్త్రీయమైన పోషణలో మొక్క తన అసలు రంగుకు వచ్చింది. ఇదే నిజమైన కిలియాన్. ఇంతవరకు మనం చూసినదే తప్పు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఊరికే అనలేదు. ఇక్కడ నాలుగవ కాలు ఎదురుగా కనిపిస్తున్నా, దాన్ని కుందేలు చేసిన తప్పుగా తేల్చారు.

“నాకు అప్పుడే అనిపించింది,” అన్నారు ఇంజనీరు మాషెక్. “ఆ రాగిలో అడుగున ఒక పసుపు ఛాయ ఉండేది.”

“అనిపించడం కాదయ్యా, నేను నీతో అన్నాను కూడా,” అన్నారు దంతవైద్యులు.

“అన్నావా?”

“అన్నాను. నువ్వు తింటున్నావు.”

అగ్నిమాపక దళంవారి తరఫున టీ పోస్తున్న ముసలావిడ ఒకతె బల్ల మీదికి తొంగిచూసి, “ఇది మా ఇంటి ముందు తొట్టిలో ఉందే!” అన్నది. రాజధాని పెద్దలు ఆమె వైపు చూసి చిరునవ్వు నవ్వారు. చదువుకోనివారికి అన్నీ ఒకేలా కనిపిస్తాయని ఒకాయన మరొకాయనతో అన్నాడు. మొక్కకు ప్రథమ బహుమతి వచ్చింది.

హాలు వెనుక గోడకు ఆనుకుని ఒతీలియె నిలబడి ఉన్నది. దివంగతుని భార్యగా ఆమెను పిలిచారు; కుర్చీ వేయడం మరిచిపోయారు. నిజం చెప్పాలన్న కోరిక ఆమెకు రాలేదు. చెప్పినా వీళ్ళు పట్టీ తీసి చూపిస్తారు. అదే సమయంలో తన ఇంటి వెనుక తొట్టిలో, అద్దం కింద, తోమిన రాగి నిండుగా విచ్చుకుని ఉన్నది. దాన్ని చూసిన కళ్ళు లోకంలో తనవి మాత్రమే. చూడవలసిన కళ్ళు ఇంకొక జత ఉన్నాయని, వాటిని తాను ఏడాదిగా బస్సెక్కి తప్పించుకు తిరుగుతున్నానని, ఆ చప్పట్ల మధ్య ఆమెకు మొదటిసారి సిగ్గు వేసింది. ఈ హాలులో ఇంతమందిని చూసి అసహ్యించుకుంటున్నది కదా. తాను మాత్రం చేసినదేమిటి? ఒక మనిషి మీద తానే ఒక పట్టీ గుచ్చి, దాన్నే చదువుతూ కూర్చోలేదా?

సోమవారం ఉదయం ఒతీలియె ఆదివారపు కోటు వేసుకుని ఊళ్ళోని మందుల దుకాణానికి వెళ్ళింది. చేతిలో పెరుగు కప్పు, కప్పులో ఇసుక, ఇసుకలో, పోయిన వేసవిలో వేరుపోసిన బూడిదరంగు రెమ్మ. దాని మీద ఒకే ఒక పువ్వు. దుకాణంలో వరుస ఉన్నది. వరుసలో దంతవైద్యుని భార్య ఉన్నది, తపాలా ఉద్యోగి ఉన్నాడు, దగ్గుతున్న ఇద్దరు ముసలివాళ్ళు ఉన్నారు. ఒతీలియె ఎవరినీ దాటలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడింది.

రిషావా గల్లాపెట్టె వెనకనుంచి తలెత్తింది. ముందు ఆమె ముఖం చూడలేదు. కప్పులోని పువ్వును చూసింది. అక్కడినుంచి కళ్ళు తిప్పుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

“పిచ్చుకలు ఈసారి వదిలేశాయన్నమాట,” అన్నది నెమ్మదిగా.

“వదిలేశాయి.”

“దీనికి పట్టీ లేదే.”

“లేదు. నా మొక్క. ఈసారి పేరు నేను పెట్టాను.”

“ఏమని?”

ఒతీలియె కప్పును గల్లాపెట్టె మీద పెట్టింది. వెనుక దగ్గు ఆగింది. దంతవైద్యుని భార్య మెడ సాచింది. సాచనీ అనుకున్నది ఒతీలియె. విని భర్తకు చెబుతుంది, భర్త నవ్వుతాడు, పట్టీ ప్రొఫెసరు గారి జేబులో క్షేమంగా ఉంటుంది. ఆమె కోటు బొత్తాలు సరిచేసుకుని, చేతులు పక్కన పెట్టుకుని, దుకాణమంతా వినబడేటట్టు చెప్పింది:

“కుమారి లెయోపోల్డా రిషావా గారూ, పోయిన మార్చిలో నా తోటలో మీ వంతు వచ్చినప్పుడు, మీరు తీసుకోగలిగినది తీసుకోలేదు. చెప్పగలిగినది చెప్పలేదు. ఒక మొగ్గను గిల్లి నా మొక్కను నాకు మిగిల్చారు. అటువంటి పని మీ సంఘంలో ఇంతవరకు ఎవరూ చేయలేదు, చేయగలవారు కూడా నాకు కనిపించలేదు. ఈ మొక్క పేరు ‘లెయోపోల్డా’. మీరు చేసిన మేలును ఒతీలియె వాంకోవా అనే నేను, ఇక్కడున్నవారందరి ఎదుట, కృతజ్ఞతతో అంగీకరిస్తున్నాను.”